భాగాలు అందరివీ, బాధ్యత ఎవరిది? – ఇంట్లో కూర్చుకునే రైఫిల్‌పై సమీక్ష

అమెరికాలో రైఫిల్ కావాలంటే ఒకే కంపెనీ తయారుచేసిన తుపాకీని దుకాణంలో కొనుక్కోవాలన్న నియమం లేదు. బ్యారెల్ ఒకరిది, బోల్ట్ ఇంకొకరిది, ట్రిగ్గర్ మూడో కంపెనీది, భుజానికి ఆనించే బట్ మరెవరిదో తెప్పించుకుని, గరాజులో బల్ల మీద పెట్టుకుని బిగించుకునేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. తుపాకీ పట్టే అర్హత ఉన్న మనిషి సొంత వాడకం కోసం చేసుకుంటే ఫెడరల్ చట్టం దాన్ని నేరంగా చూడదు. అయినా గత పదిహేనేళ్లలో ఈ అలవాటు చుట్టూ కేసులు, నిబంధనలు, వాటి మీద అప్పీళ్లు పేరుకుపోయాయి. 2025 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కూడా చిక్కుముడి పూర్తిగా విడలేదు.

విడకపోవడానికి కారణం ఉంది. ఇందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒకరి భాగం ఇంకొకరి భాగానికి సరిగ్గా అతుకుతుందా అన్నది ఇంజినీరింగ్ ప్రశ్న. ఇన్ని భాగాల్లో దేన్ని ‘తుపాకీ’ అనాలి అన్నది చట్టం ప్రశ్న. అన్నీ బిగించాక తయారైన ఆయుధానికి పూచీ ఎవరిది అన్నది మూడోది. మొదటి రెండింటి మీద గ్రంథాలకు గ్రంథాలు పుట్టాయి. మూడోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ప్రాణాలు ఆధారపడేది మాత్రం దాని మీదే.

ఆకురాయి నుంచి గేజి దాకా

వేర్వేరు చేతుల పనిని ఒక తుపాకీగా కూర్చడం కొత్త సంగతేమీ కాదు. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలో పొడవాటి రైఫిళ్లు చేసిన పనివాళ్లు చాలాసార్లు మందును రాజేసే లాక్‌ను ఇంగ్లండ్ నుంచి వచ్చిన సరుకులో కొని, బ్యారెల్‌నూ కొయ్యభాగాన్నీ స్థానికంగా చేసినవి వాడేవారు. కానీ ప్రతి భాగాన్నీ ఆకురాయితో అరగదీసి పక్క భాగానికి సరిచేయాల్సి వచ్చేది. ఒక తుపాకీలోని ముక్క పక్క తుపాకీలో ఇమిడేది కాదు.

ఈ పరిస్థితిని మార్చాలని గట్టిగా ప్రయత్నించినవాళ్లలో ఫ్రాన్స్‌కు చెందిన ఓనొరే బ్లాంక్ ఒకడు. 1785లో అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ అతని పని చూడటానికి వెళ్లి, కుప్పల్లోంచి చేతికందిన ముక్కలు తీసుకుని తానే కొన్ని లాక్‌లు కూర్చి చూశాడు. అవి చక్కగా కుదిరాయని స్వదేశానికి ఉత్తరం రాశాడు. 1798లో ఎలై విట్నీ ఇదే పద్ధతి పేరుతో అమెరికా ప్రభుత్వం నుంచి 10,000 మస్కెట్ల కాంట్రాక్టు సంపాదించాడు. 1801లో వాషింగ్టన్‌లో పెద్దల ముందు ప్రదర్శన కూడా ఇచ్చాడు. అయితే మిగిలిన మస్కెట్లను చరిత్రకారులు తర్వాతి కాలంలో విప్పి చూస్తే భాగాలు ఒకదాని బదులు ఒకటి ఇమడలేదు. విట్నీ కీర్తి ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో వెలుగుతోంది గానీ అసలు ఘనత జాన్ హాల్, సిమియన్ నార్త్‌లది. హాల్ హార్పర్స్ ఫెర్రీలో పనిచేశాడు, నార్త్ కనెటికట్‌లోని మిడిల్‌టౌన్‌లో. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రెండు కార్ఖానాల రైఫిల్ భాగాలు 1834 నాటికి ఒకదాని స్థానంలో ఒకటి ఇమడసాగాయి. ఇద్దరు తయారీదారుల భాగాలతో ఒక రైఫిల్ అన్న ఆలోచన నిజంగా నెరవేరింది అప్పుడు.

ఇరవై ఏళ్ల తర్వాత, 1854లో, బ్రిటిష్ ప్రభుత్వం పంపిన బృందం స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారానికి వచ్చింది. 1844 నుంచి 1853 దాకా ఏటా ఒకటి చొప్పున పది మస్కెట్లు తీయించి, విప్పించి, ముక్కలన్నీ కలిపేసింది. ఒక పనివాడు వాటిని మళ్లీ పది మస్కెట్లుగా బిగించి ఇచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఇదే పద్ధతి ఇంకా విస్తరించింది. ఎం1 కార్బైన్‌ను వించెస్టర్ లాంటి తుపాకీ కంపెనీతో పాటు ఐబీఎం, టైప్‌రైటర్లు చేసే అండర్‌వుడ్, పాటల పెట్టెలు చేసే రాక్-ఓలా, జనరల్ మోటార్స్ విభాగాలు కూడా తయారుచేశాయి. మొత్తం 60 లక్షలకు పైగా తయారయ్యాయి. ఒకరి భాగం ఇంకొకరి కార్బైన్‌లో ఇమడాలన్నది షరతు.

ఈ చరిత్రను ఇంటి కూర్పుకు సమర్థనగా తరచు చెబుతుంటారు. సగం నిజమే. భాగాలు కుదరడానికి ఒక ఉమ్మడి డ్రాయింగు, కొలిచే గేజిలు కారణం. వాటితో పాటు ఇంకొకటి కూడా ఉండేది: సర్కారు తనిఖీదారు. గేజికి నిలవని భాగాన్ని అతను అక్కడికక్కడే తిప్పి పంపేవాడు. బిగించిన తుపాకీని కాల్చి చూశాకే ముద్ర పడేది. నేటి గరాజుకు డ్రాయింగు వారసత్వంగా వచ్చింది. తనిఖీదారు రాలేదు.

ఒక డిజైన్ చుట్టూ పెరిగిన బజారు

ఇంటి కూర్పు అనగానే ఏఆర్-15 గుర్తుకు రావడం యాదృచ్ఛికం కాదు. యూజీన్ స్టోనర్ ఆర్మలైట్ కంపెనీలో రూపొందించిన ఈ డిజైన్ హక్కులను 1959లో కోల్ట్ కొన్నది. గ్యాస్ వ్యవస్థ మీద స్టోనర్‌కు 1960లో వచ్చిన పేటెంటు గడువు 1977లో తీరింది. ఆ తర్వాత తయారీకి గానీ, ఏ ఒక్క భాగాన్ని అమ్మడానికి గానీ పేటెంటు అడ్డు లేదు. సైన్యం కోసం కొలతలు అప్పటికే స్థిరపడి ఉన్నాయి కాబట్టి చిన్న వర్క్‌షాపులకు కూడా దారి దొరికింది.

డిజైన్‌లోనే మరో సౌలభ్యం ఉంది. రైఫిల్‌లో అన్నిటికన్నా కీలకమైన కొలత హెడ్‌స్పేస్: బోల్ట్ మూసుకున్నాక దాని ముఖానికీ, తూటా ఛాంబర్‌లో ఆగే చోటుకూ మధ్య దూరం. ఎక్కువైతే ఇత్తడి గుల్ల సాగి చిట్లుతుంది, వేడి గ్యాసు వెనక్కి ఎగజిమ్ముతుంది. తక్కువైతే బోల్ట్ మూసుకోదు. మౌజర్ లాంటి పాత బోల్ట్ రైఫిల్‌కు కొత్త బ్యారెల్ వేయాలంటే ఈ దూరాన్ని నేర్పరి గన్‌స్మిత్ లేతు మీద సరిచేయాల్సిందే. ఏఆర్-15లో బోల్ట్ పళ్లు పట్టుకునే భాగాన్ని బ్యారెల్‌కు తయారీదారే బిగించి పంపుతాడు. కాబట్టి హెడ్‌స్పేస్ బ్యారెల్, బోల్ట్ రెండింటి మధ్య సంగతిగా మిగులుతుంది. బోల్ట్ రైఫిళ్లలో ఇలాంటి దారిని 1958 నాటి సావేజ్ 110 వేరే విధంగా చూపింది. దాని బ్యారెల్‌ను ఒక నట్టు పట్టి ఉంచుతుంది. గేజిల సాయంతో దూరం సరిచూసి బిగించొచ్చు. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 ఆకృతిని కూడా ఎన్నో కంపెనీలు అనుసరించడంతో ఆ చట్రానికి సరిపోయే ట్రిగ్గర్లు, బట్‌లు, బ్యారెళ్లు విరివిగా దొరుకుతున్నాయి.

అతకని చోట్లు కూడా లేకపోలేదు. ఏఆర్-15 బట్ ఎక్కే గొట్టం సైనిక కొలత 1.148 అంగుళాలు, వాణిజ్య కొలత 1.168. ఒకదాని బట్ ఇంకోదానికి సరిగ్గా పట్టదు. ఇది చిరాకు తెప్పిస్తుందే గానీ చేటు చేయదు. పెద్ద .308 తూటా పేల్చే ఏఆర్ తరహా రైఫిళ్లకు మొదటి నుంచీ ఒకే ప్రమాణం లేదు. ఆర్మలైట్ ఒక దారి, డీపీఎంఎస్ అనే మరో కంపెనీ ఇంకో దారి పట్టాయి. అక్కడ భాగాలు కలపబోయి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎక్కువ. ప్రకటనల్లో కనిపించే ‘మిల్-స్పెక్’ అన్న మాటకు పౌర బజారులో తనిఖీ చేసే సంస్థ ఏదీ లేదు. అది అమ్మేవాడి మాట, అంతే.

అసలు ప్రమాదం అతకనప్పుడు కాదు, అతికినప్పుడు వస్తుంది. 2011లో ప్రమాణీకరించిన .300 బ్లాకవుట్ తూటాను ఏఆర్-15 బోల్ట్‌నూ మ్యాగజీన్‌నూ మార్చకుండా, బ్యారెల్ ఒక్కటే మార్చి వాడేలా రూపొందించారు. మెచ్చుకోదగ్గ పనే. కానీ ఆ తూటా పొరపాటున 5.56 బ్యారెల్‌లోకి దూరి బోల్ట్ మూసుకుంటే, తన వ్యాసం కంటే సన్నని గొట్టంలోంచి గుండు పోలేదు. రైఫిల్ పగిలిపోతుంది. బోల్ట్ చేసినవాడి తప్పు లేదు, బ్యారెల్ చేసినవాడి తప్పు లేదు, మ్యాగజీన్‌లో లోపం లేదు. ఎవరి భాగం వాళ్లు సరిగ్గానే చేశారు. ఇంతకన్నా చిన్నస్థాయిలో .223 రెమింగ్టన్, 5.56 నాటో ఛాంబర్ల తేడా కూడా ఇలాంటిదే. చూడటానికి ఒకేలా ఉండే తూటాలకు ఛాంబర్ కొలతలు ఒకటి కావు.

మూడు దృక్పథాలు

ఈ విషయంపై మాట్లాడేవాళ్లను స్థూలంగా మూడు వర్గాలుగా చూడొచ్చు.

హక్కు వర్గం దీన్ని రెండో రాజ్యాంగ సవరణలో భాగంగా చూస్తుంది. ఆయుధం ఉంచుకునే హక్కు ఉంటే దాన్ని చేసుకునే హక్కు కూడా ఉండాలన్నది వాదన. 2022లో బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తుపాకీ చట్టాలను చారిత్రక సంప్రదాయంతో పోల్చి చూడమన్నాక ఈ వాదానికి బలం వచ్చింది. సొంతంగా ఆయుధాలు చేసుకోవడం అమెరికా పాత సంప్రదాయమని జోసెఫ్ గ్రీన్‌లీ లాంటి న్యాయ పరిశోధకులు రాశారు. వలస కాలంలో ఇంట్లో తుపాకీ చేసుకోవడం అరుదనీ, అది నైపుణ్యం కలిగిన వృత్తిపనివారి చేతిలో ఉండేదనీ చరిత్రకారుడు బ్రయన్ డిలే అంటాడు. దిగుమతి లాక్‌లతో నడిచిన పెన్సిల్వేనియా కార్ఖానాలను చూస్తే ఈ విషయంలో డిలే వైపే మొగ్గు కనిపిస్తుంది. అయితే చరిత్రలో అరుదైనంత మాత్రాన నేడు నిషేధించవచ్చా అన్నది వేరే మాట. ఆ ఖాళీని అతని వాదన పూడ్చదు.

నియంత్రణ వర్గానికి ముఖ్యం ఆచూకీ. సీరియల్ నంబరు లేని ఆయుధం నేరస్థలంలో దొరికితే పోలీసులకు దారి మూసుకుపోతుంది. కొనేవాడి నేపథ్యం తనిఖీ కూడా తప్పిపోతుంది. 2017 నవంబరులో కాలిఫోర్నియాలోని రాంచో టెహామాలో ఐదుగురిని చంపిన వ్యక్తి మీద తుపాకీ ఉంచుకోకూడదన్న కోర్టు ఆదేశం అప్పటికే ఉంది. అతను వాడిన రైఫిళ్లు ఇంట్లో చేసినవి. ఒక్క ఉదాహరణతో విధానం తేలిపోదు గానీ, ఆ మృతుల కుటుంబాలకు ఇది గణాంకం కాదన్నది మరువకూడదు.

మూడోది వృత్తి వర్గం: గన్‌స్మిత్‌లు, పోటీల్లో కాల్చేవాళ్లు, విడిభాగాలు చేసే చిన్న కర్మాగారాల వాళ్లు. వీళ్ల మాట రాజకీయ చర్చల్లో వినిపించదు. ఇంటి కూర్పు వల్ల మంచి బ్యారెళ్లు, మంచి ట్రిగ్గర్లు వచ్చాయనీ, పెద్ద కంపెనీలు పట్టించుకోని ఎడమచేతివాటం వాళ్లకూ వికలాంగులకూ తగిన ఆయుధం దొరికిందనీ వీళ్లు చెబుతారు. అదే నోటితో, గేజి లేకుండా బిగించిన తుపాకీని తాము కాల్చబోమని కూడా చెబుతారు. మూడు వర్గాల్లో ఆయుధాన్ని ఆయుధంగా చూసేది వీళ్లే.

ఏ ముక్క తుపాకీ?

1938 నాటి ఫెడరల్ చట్టం తుపాకీ భాగాలన్నిటినీ తన పరిధిలోకి తెచ్చింది. అమలు సాధ్యం కాక 1968 గన్ కంట్రోల్ యాక్ట్‌లో ఫ్రేము లేదా రిసీవర్‌ను మాత్రమే తుపాకీగా లెక్కించారు. అది కొనాలంటే తనిఖీ ఉంటుంది, సీరియల్ నంబరు ఉంటుంది. బ్యారెల్, బోల్ట్, ట్రిగ్గర్ మామూలు సరుకుల్లా పోస్టులో వస్తాయి.

ఈ ఏర్పాటు ఏఆర్-15 దగ్గర తడబడింది. రిసీవర్ అంటే బోల్ట్‌నూ, హ్యామర్ తదితర పేల్చే యంత్రాంగాన్నీ పట్టి ఉంచేదని పాత నిబంధన చెప్పేది. ఏఆర్-15లో బోల్ట్ పై భాగంలో, హ్యామర్ కింది భాగంలో ఉంటాయి. తుపాకీల పర్యవేక్షణ సంస్థ ఏటీఎఫ్ ఏళ్లుగా కింది భాగాన్నే తుపాకీగా చూసింది. 2019లో కాలిఫోర్నియా, ఒహాయోల్లోని ఫెడరల్ జడ్జీలు నిబంధన మాటల ప్రకారం ఆ కింది భాగం ఒక్కటే రిసీవర్ కాదన్న అభిప్రాయానికి వచ్చారు. దేశంలో విరివిగా అమ్ముడయ్యే రైఫిళ్లలో ఒకదానికి చట్టపరమైన నిర్వచనమే సరిపోలేదన్నమాట.

దిగుమతి భాగాల సంగతి మరీ విచిత్రం. 1989లో కొన్ని రైఫిళ్ల దిగుమతిని నిషేధించిన తర్వాత, 1990లో వచ్చిన నిబంధన ప్రకారం కొన్ని రకాల రైఫిళ్లను విదేశీ భాగాలతో బిగించకూడదు. లెక్కపెట్టే 20 రకాల భాగాల్లో దిగుమతివి పదికి మించరాదు. విదేశీ కలాష్నికోవ్ కిట్లతో పనిచేసేవాళ్లు అందుకే స్వదేశీ ట్రిగ్గర్లూ పిడులూ లెక్కగట్టి కొంటారు. తయారీదారు ఏ దేశంవాడన్నది చట్టం చూస్తుంది. భాగం గట్టిదా కాదా అన్నది చూడదు.

ఐరోపా వేరే దారి పట్టింది. ఐరోపా సమాఖ్య 2017 ఆదేశం ప్రకారం ఫ్రేము, పై రిసీవర్, కింది రిసీవర్, బ్యారెల్, బోల్ట్ అన్నీ ముఖ్య భాగాలే. తుపాకీ మీద ఉండే నియంత్రణే వాటి మీదా ఉంటుంది. దీనికి తోడు అక్కడ ప్రూఫ్ హౌసులున్నాయి. బర్మింగ్‌హామ్‌ది 1813 నాటిది, లండన్‌ది ఇంకా పాతది. 1914లో మొదలైన అంతర్జాతీయ సంఘం సీఐపీ సభ్యదేశాల్లో ప్రతి ఆయుధాన్నీ అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి కంటే కనీసం 25 శాతం ఎక్కువ ఒత్తిడి ఇచ్చే తూటాతో పరీక్షించి ముద్ర వేస్తారు. అమెరికాలో 1926లో పుట్టిన తయారీదారుల సంస్థ సామీ ప్రమాణాలు స్వచ్ఛందమైనవి. రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. అమెరికా ఒక భాగానికి నంబరు వేసి మనిషిని తనిఖీ చేస్తుంది. ఐరోపా మనిషినీ తనిఖీ చేస్తుంది, బిగించిన తుపాకీనీ తనిఖీ చేస్తుంది. అక్కడి పద్ధతిలో స్వేచ్ఛ తక్కువ, ఖర్చు ఎక్కువ. కానీ ఆయుధం పగలకుండా నిలుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పే వ్యవస్థ అక్కడ ఉంది.

అమెరికాలో గొడవ ముదిరింది అసంపూర్ణ రిసీవర్ల వల్ల. దాదాపు పూర్తయి కొంత పని మాత్రమే మిగిలిన రిసీవర్‌ను తుపాకీ కాదంటూ నంబరు లేకుండా అమ్మేవారు. ఘోస్ట్ గన్ అన్న పేరు ఇక్కడి నుంచి పుట్టింది. 2022 ఏప్రిల్‌లో ప్రకటించి ఆగస్టు 24 నుంచి అమలుచేసిన ఏటీఎఫ్ నిబంధన అలాంటి వాటినీ, భాగాలను కలిపి అమ్మే కిట్లనూ తుపాకీల కిందికి తెచ్చింది. టెక్సాస్ జడ్జి దాన్ని కొట్టేశాడు. సుప్రీంకోర్టు తాత్కాలికంగా నిలబెట్టింది. 2024 అక్టోబరు వాదనల్లో జస్టిస్ అలీటో, గుడ్లూ ఉల్లిపాయలూ బల్ల మీద పెడితే అది ఆమ్లెట్ అవుతుందా అని అడిగారు. ఒక వంటకానికి కావలసినవన్నీ ఒకే కిట్‌గా తెప్పించుకుంటే జవాబు మారుతుందా అన్నది జస్టిస్ బారెట్ తర్వాతి ప్రశ్న. 2025 మార్చి 26న 7–2 మెజారిటీతో కోర్టు నిబంధనను నిలబెట్టింది. తీర్పు రాసింది తుపాకీ హక్కుల పట్ల సానుభూతి ఉన్నవాడిగా పేరుపడ్డ జస్టిస్ గోర్సుచ్. థామస్, అలీటో విభేదించారు. బారెట్ ప్రశ్నలోనే తీర్పు సారం ఉందనిపిస్తుంది. ఒక ప్రయోజనం కోసం ఒకచోట చేర్చి అమ్మిన వస్తువులను విడివిడి సరుకులుగా చూడమని చట్టాన్ని కోరడం సబబు కాదు.

అయితే ఆ తీర్పు కొన్ని కిట్లకైనా నిబంధన వర్తిస్తుందని చెప్పింది గానీ, ప్రతి అసంపూర్ణ ముక్కకూ గీత గీయలేదు. నంబరు ఉన్న రిసీవర్‌ను చట్టబద్ధంగా కొని, చుట్టూ పది కంపెనీల భాగాలు బిగించే మామూలు మనిషిని అది తాకనే లేదు.

లెక్కలు చెప్పేదెంత?

2016 నుంచి 2021 చివరి దాకా పోలీసులు పట్టుకున్న ప్రైవేటు తయారీ ఆయుధాలని అనుమానించినవి 45,240 అని ఏటీఎఫ్ లెక్క. ఒక్క 2021లోనే దాదాపు 20,000. పెరుగుదల నిజం. కానీ ఇవి అనుమానించినవి మాత్రమే. పైగా వాటిలో ఎక్కువ పిస్టళ్లు. రైఫిల్ కూర్పును నిషేధించాలనేవాళ్లు పిస్టల్ కిట్ల లెక్కను చూపడం, హక్కు వర్గం ఆ తేడాను పట్టుకుని సమస్యే లేదనడం, రెండూ తప్పుదారి పట్టించేవే. ఇంట్లో బిగించిన రైఫిళ్లు పగిలి గాయపడినవాళ్ల లెక్క కట్టే ఫెడరల్ యంత్రాంగమూ లేదు. మూడో ప్రశ్నకు ఎవరూ బాధ్యులు కాకపోవడానికి ఇదొక గుర్తు.

తెలుగువారికి సంబంధించి

టెక్సాస్‌లో, జార్జియాలో స్థిరపడిన తెలుగువారు చాలామంది. చుట్టుపక్కల తుపాకీలు మామూలే కాబట్టి విడిభాగాలు కొనడం కూడా మామూలే అనిపించవచ్చు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్లు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. కింది రిసీవర్ ఒక్కటే చేతిలో ఉన్నా చట్టం దృష్టిలో అది తుపాకీ. దేశం నుంచి పంపేసే అవకాశమూ ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల పరిస్థితి వేరు, అయినా రాష్ట్ర చట్టం చూసుకోవాల్సిందే. కాలిఫోర్నియాలో సొంతంగా చేసుకునే ఆయుధానికి కూడా నంబరు తప్పనిసరి.

భారతదేశంలో ఈ చర్చకే తావులేదు. 1959 ఆయుధాల చట్టం భాగాలను కూడా ఆయుధాలుగానే లెక్కిస్తుంది. లైసెన్సు లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష.

ఇంకా తేలనివి

ఎంత పని మిగిలి ఉంటే రిసీవర్ రిసీవర్ కాకుండా పోతుందన్నది కేసు కేసుకూ తేలాల్సిందే. బ్రూయెన్ పరీక్ష కింద రాష్ట్రాల నిషేధాలు నిలుస్తాయా అన్నది కింది కోర్టుల్లో నలుగుతోంది. 3డీ ప్రింటర్లు రిసీవర్ మీద ఆధారపడిన మొత్తం పద్ధతినే ప్రశ్నిస్తున్నాయి. ఇవన్నీ ముఖ్యమైనవే. కోర్టులు ఎప్పుడో ఒకప్పుడు తేలుస్తాయి.

పూచీ సంగతి మాత్రం కోర్టులు తమంతట తాము తేల్చలేవు. అమెరికా నష్టపరిహార చట్టంలో ఒక సూత్రముంది: తన భాగంలో లోపం లేనంతవరకు, దాన్ని మొత్తం వస్తువులో కలపడంలో పాలుపంచుకోనంతవరకు, ఆ వస్తువు వల్ల జరిగిన హానికి భాగం చేసినవాడు బాధ్యుడు కాడు. న్యాయమైన సూత్రమే. కానీ పది కంపెనీల భాగాలతో ఇంట్లో బిగించిన రైఫిల్ పగిలి పక్క లేన్‌లో కాలుస్తున్న మనిషి కన్ను పోతే, పదిమందీ వేలెత్తి చూపేది బిగించినవాణ్ణే. అతనికి తనిఖీ లేదు, శిక్షణ తప్పనిసరి కాదు, ఇంటి బీమా వర్తిస్తుందన్న హామీ లేదు. తుపాకీకి నంబరు వేయించడం మీద పెట్టిన శక్తిలో కొంతైనా బిగించిన తుపాకీని పరీక్షించడం మీద పెట్టి ఉంటే బాగుండేది. ప్రూఫ్ హౌసు అమెరికా స్వభావానికి పడకపోవచ్చు. ప్రభుత్వం చేయకపోయినా షూటింగ్ రేంజులు చేయగలవు. ఇంట్లో బిగించిన రైఫిల్‌ను లైన్ మీదికి తెచ్చేముందు ఒక గన్‌స్మిత్ హెడ్‌స్పేస్ చూసి, బ్యారెల్ మీద ముద్రించిన తూటా పేరుతో సరిపోల్చి, సంతకం చేయాలన్న నిబంధన పెట్టుకోవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, రాజ్యాంగ సవాలు రాదు, హక్కు వర్గానికీ నియంత్రణ వర్గానికీ అభ్యంతరం ఉండాల్సిన పని లేదు. చట్టబద్ధంగా రైఫిల్ బిగించుకున్న ప్రతి ఒక్కరూ నిబంధన కోసం ఎదురుచూడకుండా ఆ తనిఖీ చేయించుకోవాలి.